మాండవ్యుడి ఒంట్లో మిగిలిన ములుకు

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. బూడిద గుమ్మడికాయ మీద తెల్లటి పొడి ఉంటుంది. మోసినవాడి భుజానికి అది అంటుకుంటుంది. పదిమందిలో దొంగ మాట ఎత్తగానే, అసలు దొంగ చెయ్యి అతనికి తెలియకుండానే ఆ పొడి దులపడానికి పోతుంది. సామెత అంతటితో ఆగుతుంది. అయితే ఆ గుంపులో నిన్న తన సొంత పాదు నుంచే కాయ కోసి మోసుకొచ్చినవాడు ఉండవచ్చు. లోగడ ఒకసారి లేనిపోని నింద పడి, మళ్ళీ పడుతుందేమోనని బెదిరినవాడు ఉండవచ్చు. ఊళ్ళో ఏది పోయినా ముందు తన గుడిసెకే వస్తారని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు ఉండవచ్చు. భుజం తడుముకోవడానికి నేరం చేసి ఉండక్కర్లేదు, భయం చాలు. ఆ భయాన్నే రుజువుగా తీసుకుని తీర్పు చెప్పేయడాన్ని దోషి అనే ముందస్తు భావన అంటారు. చట్టంలో, మతంలో, ప్రజా జీవితంలో దానికి చాలా పాత చరిత్ర ఉంది.

నేరం రుజువయ్యేదాకా ప్రతివాడూ నిర్దోషే అన్న సూత్రానికి ఇది నేరుగా వ్యతిరేకం అనిపిస్తుంది. అమెరికన్ న్యాయశాస్త్రవేత్త హెర్బర్ట్ ప్యాకర్ 1964లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఇవి రెండూ వేర్వేరు జాతుల మాటలని చూపించాడు. పోలీసులు వడబోసి పట్టుకున్నవాడు చాలామటుకు నేరం చేసినవాడే అయి ఉంటాడన్నది ఒక అంచనా. లెక్క తీస్తే అది చాలాసార్లు నిజం కూడా కావచ్చు. నిర్దోషి అనే భావన మాత్రం అంచనా కాదు, అధికారం చేతిలో ఉన్నవాడికి పెట్టిన కట్టడి. ముద్దాయి మంచివాడని నమ్మమని అది న్యాయమూర్తిని అడగదు. నమ్మకం ఏదైనా దాన్ని పక్కన పెట్టి, రుజువు చూసి మాట్లాడమంటుంది. ఈ తేడా చేజారినప్పుడే, నేరం చేశాడని ఊరందరికీ తెలుసు కదా, ఇంకా విచారణ ఎందుకు అనే ప్రశ్న సబబుగా వినిపిస్తుంది.

తెలుగులో ఈ చిక్కు ఒక్క మాటలోనే ఇమిడి ఉంది. వాడుకలో అనుమానం అంటే శంక. భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో అనుమానం ఒక ప్రమాణం, కనబడిన దాన్నిబట్టి కనబడని దాన్ని తెలుసుకునే పద్ధతి. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పు ఉందని చెప్పడం ఆ శాస్త్రంలో అందరూ చెప్పే ఉదాహరణ. నిప్పు లేనిదే పొగ రాదని ఊళ్ళో ఒకరి గురించి పుకారు పుట్టినప్పుడు అనే మాట కూడా అదే. ఆ దర్శనపు పండితులైన నైయాయికులు అక్కడితో ఊరుకోలేదు. పొగకూ నిప్పుకూ ఎప్పుడూ తప్పని సంబంధం ఉండాలన్నారు, దానికి వ్యాప్తి అని పేరు పెట్టారు. చూసింది నిజంగా పొగేనా, దుమ్మో ఆవిరో పొగలా భ్రమింపజేసిందా అని అడిగారు. హేతువులా కనబడుతూ హేతువు కానివాటిని హేత్వాభాసాలుగా వర్గీకరించారు. పుకారు విషయంలో ఈ పరీక్షలేవీ జరగవు. 1984లో శరద్ బిర్దీచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు సాందర్భిక సాక్ష్యానికి అయిదు నియమాలు పెట్టి, వాటిని పంచశీలమని పిలిచింది. గొలుసులో ప్రతి లంకె నిలవాలి, మొత్తం గొలుసు ముద్దాయి నేరాన్ని తప్ప మరే ఊహకూ చోటివ్వకూడదు అన్నది వాటి సారం. ఆ తీర్పులో న్యాయదర్శనం ప్రస్తావన లేకపోయినా, వ్యాప్తిని నిలబెట్టమని అడగడమే అందులో జరిగిన పని. వాడుక భాషలోని అనుమానాన్ని శాస్త్రం చెప్పే అనుమానం దాకా తీసుకెళ్ళడమే నేర విచారణ.

దోషి అనే ముందస్తు భావనకు భారతీయ సంప్రదాయంలో కథానాయకుడు మాండవ్యుడు. మహాభారతం ఆదిపర్వంలో అతని కథ ఉంది. ఆశ్రమం ముంగిట చెట్టు కింద చేతులు పైకెత్తి, మౌనవ్రతంలో తపస్సు చేసుకుంటున్నాడు. రాజభటులు తరుముతుంటే దొంగలు వచ్చి, దోచిన సొత్తుతో సహా ఆశ్రమంలో దాక్కున్నారు. ఎటు పోయారని భటులు అడిగితే మాండవ్యుడు బదులు పలకలేదు. వెతికితే దొంగలూ దొరికారు, సొత్తూ దొరికింది. ఆ మౌనమే అతని మీద నేరమైంది. రాజు దొంగలతో పాటు అతన్నీ కొరత వేయించాడు. తిండీ నీళ్ళూ లేకపోయినా ముని చావలేదు. సంగతి తెలిసి రాజు పరుగున వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. ముని క్షమించాడు. శూలాన్ని పెరికితే రాలేదు. చివరకు బయటి భాగాన్ని కోసేశారు. లోపలి ములుకు ఒంట్లోనే ఉండిపోయింది. దానితోనే తిరిగాడు కాబట్టి అణిమాండవ్యుడయ్యాడు.

ఈ కథను ధర్మశాస్త్రాలు వదల్లేదు. వ్యవహారంలో దొంగ దొరలా, దొర దొంగలా తేలే ప్రమాదం ఉంటుందని హెచ్చరించేటప్పుడు నారదస్మృతి మాండవ్యుణ్ణే సాక్ష్యంగా పిలుస్తుంది. కౌటిల్యుడు అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో అదే ఉదాహరణ తీసుకున్నాడు, కానీ కథ మారింది. అక్కడి మాండవ్యుడు మౌనంగా లేడు. హింస భరించలేనన్న భయంతో తానే దొంగనని ఒప్పుకున్నాడు. రెండు కథలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదాంట్లో నోరు మెదపకపోవడం రుజువైంది, రెండోదాంట్లో నోరు విప్పడం రుజువైంది. ఒకసారి దోషి అని అనుకున్నాక ముద్దాయికి మిగిలే దారులు రెండే, రెండూ శూలం దగ్గరికే పోతాయి. ఒప్పుకోలును నమ్మకుండా రుజువు పూర్తయ్యాకే శిక్షించాలని కౌటిల్యుడు దాని నుంచి తేల్చాడు. నేరం జరిగి మూడు రాత్రులు దాటాక, పనిముట్ల వంటివి దొరికితే తప్ప, కేవలం శంక మీద ఎవరినీ పట్టుకోకూడదన్నాడు. దొంగ కానివాణ్ణి దొంగ అన్నవాడికి దొంగకు వేసే శిక్షే వేయమన్నాడు. అదే అధ్యాయంలో, నేరం చేశాడని గట్టిగా నమ్మకం కుదిరినవాణ్ణి హింసించి అడగడానికి అనుమతి కూడా ఇచ్చాడు. మాండవ్యుడి కథ తెలిసి, రాసి, మళ్ళీ ఆ తలుపు తెరిచి ఉంచడం ఆ గ్రంథంలోని పెద్ద లోపం. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదన్న 2024 దాకా అమలులో ఉన్న 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షను, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ముద్దాయిని బలవంతపెట్టరాదన్న రాజ్యాంగం 20(3) అధికరణం, కౌటిల్యుడి మాండవ్యుణ్ణీ భారతంలోని మాండవ్యుణ్ణీ కాపాడడానికి విడివిడిగా రాసినట్టు ఉంటాయి.

మనుషుల సాక్ష్యం చాలనప్పుడు దేవుణ్ణి సాక్ష్యం అడగడం చాలా మతాల్లో ఉంది. యాజ్ఞవల్క్యస్మృతి తుల, అగ్ని, జలం, విషం, కోశం అని అయిదు దివ్యాలను చెబుతుంది. చేతిలో కాలిన ఇనుము పెట్టుకుని నడిచి, బొబ్బ ఎక్కకపోతే శుద్ధుడు. భక్తి ఎంత ఉన్నా ఈ పద్ధతిలో ఒక సంగతి దాగదు. నిరూపించుకోవలసిన భారం నింద వేసినవాడి నుంచి జారి నింద పడ్డవాడి ఒంటి మీదికి చేరింది. సీత అగ్నిప్రవేశం విషయంలో శతాబ్దాలుగా పాఠకులను కలవరపెడుతున్నదీ ఇదే. అగ్నిదేవుడే వచ్చి చెప్పినా ఉత్తరకాండలో ఊరి మాట ఆగలేదు. చిత్తూరు జిల్లా కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేయమని రాజకీయ నాయకులు ఒకరినొకరు సవాలు చేసుకోవడం తెలుగు పత్రికలు చదివేవారికి కొత్త కాదు. ఆరోపణ చేసినవాడు కాగితం చూపక్కర్లేదు, ఎదుటివాడు రానంటే చాలు, ఒప్పుకున్నట్టే. పల్లెల్లో చేతబడి నింద పడ్డ ముసలివాళ్ళకు కాణిపాకం సవాలు కూడా దొరకదు. కాగిన నూనె, కాలిన గడ్డపార వాళ్ళ ముందుకు వస్తాయి.

ఇందుకు ఎదురు నిలిచిన ఆలోచన కూడా మతం నుంచే పుట్టింది. పద్నాలుగో శతాబ్దం మొదట్లో చనిపోయిన ఫ్రెంచి కార్డినల్ జాన్ లెమ్వాన్ చర్చి చట్టానికి వ్యాఖ్యానం రాస్తూ, దోషి అని తేలేదాకా ప్రతివాడూ నిర్దోషే అన్నాడు. అందుకు అతను చూపిన ఆధారం ఆదాము కథ. సర్వం తెలిసిన దేవుడు కూడా తోటలో ఆదామును ముందు పిలిచాడు, అడిగాడు, ఆ తరవాతే శిక్షించాడు. దేవుడే విచారణ లేకుండా శిక్షించనప్పుడు మనిషికి ఆ హక్కు ఎక్కడిది? సర్వజ్ఞుడు కూడా పాటించిన పద్ధతిని, ఏమీ తెలియని మనుషులు అంతా తెలుసంటూ దాటేయడం దైవానికి మించిన జ్ఞానం తమకుందని చెప్పుకోవడమే అవుతుంది. ఈ వాదంలోని వినయం గొప్పది. ఈ సూత్రానికి ఇంతకంటే లోతైన పునాది దొరకడం కష్టం.

ఇస్లామిక్ న్యాయంలో రుజువు చూపవలసింది దావా వేసినవాడు, కాదన్నవాడికి ప్రమాణం చాలు అన్నది మూల నియమం. అరబ్బీలో దావా వేసినవాణ్ణి ముద్దయీ అంటారు. ఆ మాట కోర్టుల ద్వారా తెలుగులోకి ముద్దాయిగా వచ్చి, దావా ఎవరి మీద పడిందో వాడి పేరుగా మారిపోయింది. రుజువు భారం మోయవలసినవాడి పేరే నిందితుడికి అంటుకుంది. భాషలో జరిగిన ఈ పొరపాటును సమాజం నిజం చేస్తూ వస్తోంది. తెలుగులో మిగిలిన రెండో మాట నిందితుడు. పత్రికలు జాగ్రత్తగా వాడే మాటే అది. అయినా దాని పొట్టలో నింద ఉంది, చదివేవాడి చెవికి అది దోషికి ఎంతో దూరంగా వినబడదు.

చట్టమే ఈ భావనను నెత్తికెత్తుకున్న కాలం ఒకటి భారతదేశంలో ఉంది. 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, 1872 సాక్ష్య చట్టం వైస్రాయి కౌన్సిల్లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ లా మెంబరుగా ఉన్న రోజుల్లోనే, కొద్ది నెలల తేడాతో వచ్చాయి. సాక్ష్య చట్టం రాసింది ఆయనే. ఒక సంగతి నిజమని చెప్పేవాడే దాన్ని రుజువు చేయాలని అందులో 101వ సెక్షను అంది. ముద్దాయి చెడ్డవాడన్న పేరు నేర విచారణలో సాక్ష్యం కాదని 54వ సెక్షను అంది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ఒక కులాన్ని మొత్తంగా నేరస్తుల కులమని ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ ప్రకటనను ఏ కోర్టులోనూ ప్రశ్నించే వీలు లేదు. అంటే, కోర్టు లోపల ఒక మనిషి చెడ్డపేరు కూడా లెక్కలోకి రాదు, కోర్టు బయట పుట్టిన కులమే రుజువు.

1911లో సవరించిన చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకలవారి వంటి సంచార కులాలను నోటిఫై చేశారు. ఆ దశకంలోనే బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఒక సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యవర్గ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద అది స్టువర్టుపురమైంది. రిజిస్టరులో పేరున్నవాడు పాసు లేకుండా ఊరు దాటరాదు. వేళకు హాజరు పలకాలి, కొన్ని చోట్ల రాత్రివేళ కూడా. పడుకున్న మనిషిని లేపి పేరు పిలుస్తారు. పలికితే ఆ రాత్రికి అతను దొంగ కాడు, పలకకపోతే ఎక్కడున్నాడో చెప్పుకోవలసింది అతనే. అనుమానాస్పద పరిస్థితుల్లో కనబడ్డాడన్నదే శిక్షకు చాలిన నేరం. దొంగతనం జరగక్కర్లేదు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం 1897 సవరణలోనే వచ్చింది. పుట్టడమే మొదటి నేరమైనప్పుడు, బిడ్డను ముందే విడదీయడం ఆ తర్కానికి సహజమైన కొసే.

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. తిరుపతి ప్రాంతానికి చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన 1949-50లో పనిచేసిన విచారణ సంఘం సిఫారసుతో 1952 ఆగస్టు 31 నుంచి దేశమంతటా రద్దయింది. విముక్త జాతులు అన్న పేరు అప్పటిది. కానీ దాని జాగాలో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. జైలు మాన్యువళ్ళలో ఈ కులాల మీద మిగిలిన వివక్షను సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో కొట్టేసేదాకా అది కాగితం మీద బతికే ఉంది. ఇక సినిమాల్లో స్టువర్టుపురం పేరు దొంగకు పర్యాయపదమైంది. ఆ ఊళ్ళో పుట్టి బడికీ ఉద్యోగానికీ దరఖాస్తు రాసేవాడు ఊరిపేరు గడి దగ్గర ఒక్క క్షణం ఆగుతాడంటే, అది 1911 చట్టపు ములుకు.

స్వతంత్ర భారతంలో రుజువు భారాన్ని తిప్పిన చట్టాలు వేరే రకం. వాటన్నిటినీ ఒకే గాటన కట్టడం తప్పు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అసహజంగా చనిపోయిన భార్యను, చావుకు కొద్దిముందు కట్నం కోసం వేధించారని రుజువైతే, భర్త వైపువారిని బాధ్యులుగా తలచే 1986 నియమం గోడల వెనక జరిగే నేరానికి పుట్టింది. అక్కడ సాక్షులు ఉండరు, ఉన్నవాళ్ళు ముద్దాయిల ఇంటివాళ్ళు. ప్రాసిక్యూషన్ ముందు కొంత రుజువు చేశాకే భారం అవతలికి మళ్ళుతుంది. మాదకద్రవ్యాల చట్టంలో ఇలాంటి సెక్షన్ల గురించి 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు ఇదే షరతు పెట్టింది.

బెయిలు దగ్గర సంగతి ఇంత తేలిక కాదు. మనీ లాండరింగ్ చట్టం 45వ సెక్షను ప్రకారం ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు కోర్టుకు కనబడితేనే బెయిలు. 2017లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. పార్లమెంటు 2018లో సవరించింది. 2022 జులైలో మరో ధర్మాసనం దాన్ని సమర్థించింది. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం యూఏపీఏలో అభియోగం పైకి నిజంలా కనబడితే చాలు, బెయిలు లేదు. విచారణే మొదలుకాని రోజున తాను నిర్దోషినని చూపించుకోవడం జైల్లో ఉన్నవాడి పని అవుతోంది. గుడికంటి నరసింహులు కేసులో 1977లో జస్టిస్ కృష్ణయ్యర్ బెయిలును దయ కింద కాక వ్యక్తి స్వేచ్ఛ కింద చూడమని రాసిన తీర్పు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోదే. 2022 చివరి లెక్కల్లో దేశంలోని జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి 75 మందికి పైగా అప్పటికి తీర్పు రాకుండానే శిక్ష అనుభవిస్తున్నవాళ్ళే. నిర్దోషి అనే సూత్రం పుస్తకంలో ఉండి, దాని ఉల్టా జైలు గదిలో ఉంది.

ప్రజా జీవితంలో ఈ భావనకు సెక్షన్లు అక్కర్లేదు. పోలీసుల ప్రెస్‌మీట్ గది చూస్తే చాలు. బల్ల మీద సొత్తు వరసగా పేర్చి ఉంటుంది. ముందు మైకులు, వెనక ముసుగులు వేసి నిలబెట్టిన నలుగురు. అధికారి నేరం జరిగిన తీరును కళ్ళారా చూసినట్టు చెబుతాడు. కెమెరా ముసుగుల మీద ఆగుతుంది. అక్కడ ప్రశ్నించడానికి వకీలు లేడు. ఏళ్ళ తరవాత అదే కేసు కొట్టేస్తే ఆ వార్త లోపలి పేజీలో మూడు వరుసలు.

2019 నవంబరులో హైదరాబాద్ శివారులో యువ పశువైద్యురాలి మీద జరిగిన అఘాయిత్యం రాష్ట్రాన్ని కుదిపేసింది. ఆ దుఃఖం, ఆ కోపం నిజమైనవి. డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి 18 ఏళ్ళు నిండనివారని కమిషన్ తేల్చింది. బాధితురాలి మాట నమ్మడం, పోలీసులు ఫిర్యాదును వెంటనే తీసుకోవడం, సాక్ష్యం భద్రం చేయడం న్యాయానికి ఆయువుపట్టు. అఘాయిత్యం జరిగిన రాత్రి ఫిర్యాదు విషయంలోనే పోలీసుల మీద విమర్శ వచ్చింది. బాధితురాలికి దక్కవలసింది అదీ, నిజం తేల్చే విచారణా. చనిపోయినవారి మీద విచారణ సాగదు. కాబట్టి ఆమె కేసులో కోర్టు తీర్పు ఇక ఎప్పటికీ రాదు.

విచారణ జరిగి నిర్దోషి అని తేలినవాడి పరిస్థితి మాండవ్యుడిదే. 2007 మే నెలలో హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగాక పట్టుకుని, తరవాత నిర్దోషులుగా విడిచిపెట్టిన ముస్లిం యువకులకు 2012లో రాష్ట్ర ప్రభుత్వం పరిహారంతో పాటు సత్ప్రవర్తన పత్రాలు ఇచ్చింది. కోర్టు వదిలేసిన మనిషికి మంచివాడని మళ్ళీ కాగితం కావలసి వచ్చింది. మరుసటి ఏడు హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టేసింది. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో జరిగిన ఒక విద్యార్థిని హత్య కేసులో పట్టుబడిన యువకుణ్ణి, ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాక, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులు అతను హంతకుడు కాడని మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. తప్పు మనిషిని పట్టుకుంటే అసలు హంతకుడు బయటే ఉంటాడన్న సంగతి కన్నవాళ్ళకు అందరికంటే ముందు తెలిసింది.

మాండవ్యుడి కథ శూలం కోయడంతో ముగియదు. అతను ధర్ముడి దగ్గరికి వెళ్ళి, ఏ పాపానికి ఇంత శిక్ష అని అడిగాడు. చిన్నప్పుడు నువ్వు పురుగులకు గడ్డిపుల్ల గుచ్చావని ధర్ముడు చెప్పాడు. కష్టం వచ్చిందంటే ఎప్పుడో ఏదో చేసి ఉంటాడన్న మాట ఇక్కడ సాక్షాత్తూ ధర్మదేవత నోటి నుంచే వచ్చింది. బాధపడేవాణ్ణి చూసి, ఖర్మ, అనుభవించాలి అని లోకం అనేది ఈ మాటనే. బైబిల్లో యోబు స్నేహితులు అతనితో అన్నదీ ఇదే. ఇతిహాసం ఆ జవాబును ఒప్పుకోలేదు. తెలియని వయసులో చేసినదానికి ఇంత దండన వేసిన ధర్ముణ్ణే మాండవ్యుడు శపించాడు, ధర్ముడు విదురుడై పుట్టాడు. ఆ పైన మాండవ్యుడు ఒక కట్టుబాటు చేశాడు. పద్నాలుగేళ్ళ లోపు చేసింది పాపం కింద లెక్కకు రాదు. అన్యాయంగా కొరత పడ్డ మనిషి దేవుడి చట్టాన్ని సవరించిన ఘట్టం అది. 2015 బాల న్యాయ చట్టం 3వ సెక్షను ఆ వయసును 18 చేసి, అప్పటిదాకా ప్రతి బిడ్డకూ నేర ఉద్దేశం లేదనే తలచాలని మొదటి సూత్రంగా రాసింది. చటాన్‌పల్లి వంతెన దగ్గర ఆ తెల్లవారుజామున ఆ సెక్షను అమలులోనే ఉంది.